ఏడో వరుస ఇరవై మూడు

ఆయన చొక్కా జేబులో పెన్ను ఎవరూ చూడలేదు. కత్తి చూడనివాళ్ళు మాత్రం లేరు. మడత కత్తి, పిడి అరిగి అరిగి ఆయన బొటనవేలి అచ్చు దాని మీద పడిపోయింది. అందుకే ఆ సంస్థలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. పెద్దవాళ్ళకు ‘కత్తి’, చిన్నవాళ్ళకు ‘కత్తి బాబాయ్’. కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన ఈ పేరు విని, మనిషి ఎలాంటివాడో ఏమోనని నెల్లాళ్ళు ఎడంగా తిరిగాడు. తీరా చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాళ్ళకు చేదు మాట చెప్పాలంటే రెండుసార్లు గుటకలు మింగి, మూడోసారి ఆ మాటనే మింగేస్తాడు. ఆయన బతుకులో జరిగిన పెద్ద నష్టం అలా మింగేసిన మాట వల్లే జరిగింది.

ఆ పరిశోధన సంస్థ దేశానికంతటికీ ఒకటే. పండ్ల తోటలవాళ్ళు ఒక వైపు, చేపలూ రొయ్యలూ చూసేవాళ్ళు ఇంకో వైపు, వీటన్నిటినీ సీసాల్లోకీ డబ్బాల్లోకీ ఎక్కించే కంపెనీలకు సలహాలు చెప్పేవాళ్ళు మధ్యలో. ముగ్గురికీ ఒకటే గేటు, ఒకటే క్యాంటీను, కావలసినన్ని కీచులాటలు. పండ్లవాళ్ళకు చేపలవాళ్ళ వాసన పడదు, చేపలవాళ్ళకు పండ్లవాళ్ళ గొప్పలు పడవు. మధ్యవాళ్ళు ఇద్దరి దగ్గరా రుచి చూసి, ఇద్దరికీ వంకలు పెడతారు.

కత్తి అక్కడ పందొమ్మిదో ఏట గుంతలు తవ్వే పనిలో చేరాడు. అంటు కట్టడం ఒక ముసలి తోటపనివాడు నేర్పాడు. ఏటవాలు కోత ఒక్క గీతలో పడాలి. రెండోసారి కత్తి ఆనించావో, ఆ కొమ్మ పారేయాల్సిందే. కోసిన కొమ్మను నేలలో పాతుకున్న వేరు మొక్క మీద పెట్టి, పచ్చి పొరకు పచ్చి పొర ఆనించి, పట్టీ చుట్టి, పైన మైనం రాయాలి. మూడేళ్ళు తిరిగేసరికి గురువు చేతికన్నా శిష్యుడి చెయ్యి మెరుగైంది. నూరు కడితే తొంభై ఏడు బతికేవి. చచ్చిన మూడింటి కోసం ఆయన ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, భార్యకు ఒళ్ళు మండేది.

“తొంభై ఏడుగురు బతికారుగా, నవ్వండి. తోటలో అంటు కట్టడం వచ్చినంత బాగా ఇంట్లో అంట్లు తోమడం వస్తే, నేనూ నవ్వేదాన్ని,” అనేది.

ఆయనకు ఒకే ఒక్క పగ ఉండేది, అది పిలకల మీద. అంటు కట్టిన చెట్టుకి అంటు కింద నుంచి, వేరు నుంచి, పిలకలు పుట్టుకొస్తాయి. అవి వేరు మొక్క సంతానం. పనికిమాలిన కాయలు కాస్తాయి, పైనున్న మంచి కొమ్మ తిండి తినేస్తాయి. పిలక కంటబడితే ఆయన దారిన పోతున్నవాడు కూడా ఆగి, వంగి, మొదలంటా పీకి, దులుపుకుని మరీ వెళ్ళేవాడు. శిక్షణకొచ్చిన పిల్లలందరికీ మొదటి పాఠం అదే. “పిలక మీద జాలి పడ్డవాడు అంటు కట్టడానికి పనికిరాడు,” అనేవాడు.

ఆయనకు ముప్పై ఏడేళ్ళప్పుడు పెద్ద మేడమ్ వచ్చింది. కొత్త ఆపిల్ రకాలు పుట్టించడం ఆవిడ పని. ఒక చెట్టు పువ్వు పుప్పొడి తెచ్చి ఇంకో చెట్టు పువ్వుకు అద్ది, కాసిన కాయల గింజలు నాటింది. తొమ్మిది వందల మొక్కలు. గింజ నుంచి వచ్చిన ఆపిల్ అచ్చం తల్లిలాగా ఉండదు, తండ్రిలాగా ఉండదు; ఇంట్లో పిల్లల్లాగే ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. అవి ఎదిగి కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఆ తర్వాత తొమ్మిది వందలూ రుచి చూసి, దాదాపు తొమ్మిది వందలూ పారేయాలి. ఈ పని ఓపిక లేనివాళ్ళు చెయ్యలేరు. ఓపిక ఉన్నవాళ్ళు చేసినా, సగం మంది ఫలితం చూడకుండానే పోతారు.

చెట్లకు పేర్లుండవు, వరుస అంకె, చెట్టు అంకె, అంతే. రేకు బిళ్ళ మీద కొట్టి కట్టేవారు. కానీ మేడమ్‌కు బిళ్ళతో పనుండేది కాదు. “కళ్ళు మూసుకుంటా, ఏదో ఒక ఆకు చేతిలో పెట్టవోయ్ కత్తీ,” అనేది. ఆకు తిరగేసి, వెనక వైపు బొటనవేలితో రుద్ది, వరుసతో సహా చెప్పేది. ఒకసారి ఆవిడను ఏడిపిద్దామని పక్క తోటలోని పియర్ ఆకు పెట్టాడు. “ఇది మన సంతానం కాదు, నీకు సిగ్గు లేదు,” అంది. ఇద్దరూ తోట మధ్య నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆయనకు అక్క లేదు. ఉంటే ఇలా ఉండేదేమోనని ఎన్నోసార్లు అనుకున్నాడు, పైకి మాత్రం ఎప్పుడూ మేడమ్ అనే పిలిచాడు.

తొమ్మిది వందల్లో ఏడో వరుస ఇరవై మూడు నిలిచింది. కాయ పెద్దదేం కాదు, ఎర్రటి చారలు. కొరికితే ముందు పులుపు, తర్వాత తీపి, ఆ తర్వాత చాలాసేపటిదాకా పోని ఏదో వాసన. డబ్బాలవాళ్ళు కూడా వంక పెట్టలేకపోయారంటే అర్థం చేసుకోండి. మేడమ్ దాని వివరాలన్నీ కార్డు మీద తన చేత్తో రాసుకుంది. ఇంకో నాలుగైదేళ్ళు పరీక్షలు చేస్తే రైతులకు ఇవ్వొచ్చు అనుకుంటుండగా రెండు కబుర్లు ఒకే నెలలో వచ్చాయి. మొదటిది, ఆ గింజ మొక్కల తోట తీసేసి, అక్కడ చేపలను గడ్డకట్టించే కొత్త షెడ్డు కడతారని. రెండోది, మేడమ్‌కు కడుపులో కంతి ఉందని.

ఆ చలికాలం కత్తి ఆ చెట్టు నుంచి ఇరవై నాలుగు కొమ్మలు కోశాడు. ఎందుకైనా మంచిదని, అవే తల్లిదండ్రుల గింజ నుంచి రెండో తోటలో పెరిగిన దాని తోబుట్టువు చెట్టు నుంచి కూడా ఒక కట్ట కోశాడు. వసంతం వచ్చేదాకా కొమ్మలు చలిలో నిద్రపోవాలి. వాటికని ఒక చిన్న కోల్డ్ రూమ్ ఉండేది. సరిగ్గా ఆ వారమే దాని మిషను పాడైంది. చేపలవాళ్ళను బతిమాలితే, తమ గదిలో ఒక మూల చోటిచ్చారు. తోబుట్టువు కట్టను తీసుకెళ్ళి అక్కడ, రొయ్యల పెట్టెల పక్కన పడేశాడు. మేడమ్ కొమ్మలకు మాత్రం మనసొప్పలేదు. ఆవిడ పన్నెండేళ్ళ కష్టం ఆ నీచు వాసనలోనా? తడిగుడ్డలో చుట్టి, పండ్ల కోల్డ్ రూమ్‌లో పెట్టాడు. అక్కడ ఒక బుట్ట ఉంది. ఆ చెట్టు ఆఖరి కాపు. ఆసుపత్రి నుంచి వచ్చాక తింటానని మేడమ్ దాచమంది. ఆ బుట్ట పక్కనే కట్ట పెట్టాడు. నాలుగు రోజుల్లో మిషను బాగవుతుందన్నారు. ఏడు వారాలు పట్టింది.

ఆ తలుపు మీద ఒక బోర్డు ఉంది: ‘పండ్లున్న గదిలో కొమ్మలు పెట్టరాదు.’ మాగుతున్న ఆపిల్ పండు ఒక రకమైన గాలి వదులుతుంది; నిద్రలో ఉన్న మొగ్గ ఆ గాలికి చచ్చిపోతుంది. పండ్ల విభాగంలో పసిపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. ఆ బోర్డు రాసింది కత్తే.

వసంతంలో ఇరవై నాలుగూ అంటు కట్టాడు. ఈలోగా చెట్టును యంత్రంతో పీకేశారు. మూడు వారాలైనా ఒక్క మొగ్గ కదల్లేదు. ఒకదాని బెరడు గోటితో గీకితే లోపల గోధుమరంగు. ఇంకోటి గీకాడు. ఇరవై నాలుగూ అంతే. తన చెయ్యి ఎక్కడ తప్పిందో అర్థంకాక, ఆ కొమ్మలు చుట్టిన గుడ్డ చూద్దామని పండ్ల గది తలుపు తీశాడు. తియ్యటి ఆపిల్ వాసన గుప్పున ముఖానికి కొట్టింది. బుట్ట పక్కన మడిచిన తడిగుడ్డ. తల తిప్పితే తన చేతిరాతతో బోర్డు. ఆ గది నేల మీదే కూలబడ్డాడు. చంపింది తనే. అదీ ప్రేమతో చంపాడు. చేపల పక్కన పారేసిన కట్ట మాత్రం రొయ్యల కంపుతో నవనవలాడుతోంది.

మేడమ్‌కు చెప్పాలి. రెండుసార్లు ఆవిడ ఇంటి దాకా వెళ్ళాడు. మొదటిసారి ఆవిడ నిద్రపోతోంది. రెండోసారి మేలుకునే ఉంది. ముఖం పిడికెడైపోయింది. “ఎలా ఉన్నాయోయ్ మన పిల్లలు?” అని అడిగింది. ఆయన గుటక మింగాడు. “కదులుతున్నాయి మేడమ్,” అన్నాడు. తిరిగొచ్చి, అదే సాయంత్రం ఆ ఇరవై నాలుగు వేరు మొక్కలనూ కాస్త కిందికి కోసి, తోబుట్టువు కొమ్మలతో మళ్ళీ అంటు కట్టాడు. ఏడో వరుస ఇరవై మూడు అన్న బిళ్ళలు అలాగే ఉంచాడు. ఆవిడ ఎలాగూ ఎక్కువ రోజులు ఉండదు, ఆ నాలుగు రోజులూ సంతోషంగా ఉండనీ అనుకున్నాడు. ఎవరికైనా ఇంతకన్నా చెడ్డ ఆలోచన వచ్చి ఉండొచ్చుగానీ, ఇంతకన్నా మంచి ఉద్దేశంతో వచ్చి ఉండదు.

ఎండలు మొదలయ్యే వేళకు ఆవిడ చక్రాల కుర్చీలో వచ్చింది. ఇరవై నాలుగింటికీ జానెడేసి చిగుళ్ళు. ఆవిడ ఒక ఆకు అందుకుని, తిరగేసి, బొటనవేలితో రుద్దింది. మళ్ళీ రుద్దింది. కత్తి మైనం డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

“మందుల వల్ల వేళ్ళకు స్పర్శ పోయిందోయ్. బొత్తాలు కూడా పెట్టుకోలేకపోతున్నా,” అంది ఆవిడ. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ కళ్ళెత్తి ఆయన వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు ఆయన తట్టుకోలేక మైనం డబ్బా మూత బిగిస్తూ కూర్చున్నాడు.

“మంచి చెయ్యి నీది. బాగా కట్టావు,” అంది.

ఆ తర్వాత ఆవిడ పాత తోట వైపు చూసింది. చెట్లు పీకేసిన నేల ఖాళీగా పడి ఉంది. షెడ్డు పని ఇంకా మొదలే కాలేదు.

“అక్కడ ఏమైనా మొలుస్తోందా?”

“పిలకలే మేడమ్. వేళ్ళు లోపల ఉండిపోయాయిగా. ఎప్పటికప్పుడు పీకేస్తున్నా.”

“ఒక్కటైనా ఉంచవోయ్.”

“ఎందుకు మేడమ్, దండగ.”

“ఏడో వరుసలో. ఒక్కటి చాలు,” అని ఆవిడ కళ్ళు మూసుకుంది.

మందుల మత్తులో ఏదో అంటోంది, పోనీలే అనుకుని, “అలాగే మేడమ్,” అన్నాడు. ఆవిడ దాచమన్న బుట్టలోంచి తెచ్చిన చివరి పండు తీసి, తొక్క తీసి, పల్చటి ముక్క కోసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని నమల్లేదు, నాలుక మీద పెట్టుకుని అలాగే ఉంది. పదిహేను రోజులకు పోయింది. నెల తిరక్కుండా షెడ్డు కట్టేవాళ్ళు కొలతలకొచ్చారు. వాళ్ళు రాకముందే కత్తి పార పట్టుకుని పాత తోటంతా శుభ్రం చేశాడు. ఏడో వరుసలో పిలకలు మోకాలెత్తు ఎదిగి ఉన్నాయి. వేరుతో సహా తవ్వి తీశాడు. తన మీద తనకున్న కోపం కూడా తీరినట్టనిపించింది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోగా మేడమ్ చెట్లని అందరూ అనుకున్న చెట్లు కాపుకొచ్చాయి. కాయ బాగుంది, ఎర్రగా ఉంది, రైతులకు నచ్చింది. కత్తి ఒక్కసారే కొరికాడు. తీపే, కానీ ఆ ఆఖరి వాసన లేదు. మిగిలింది ఎవరూ చూడకుండా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తలో పడేశాడు. ఆనాటి నుంచి ఇంట్లో ఆపిల్ కోస్తే లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. “ఆపిల్ తోటలో ముప్పై ఏళ్ళు చేసి ఆపిల్ అంటే పారిపోతారేంటండీ? మిఠాయి కొట్టువాడు నయం,” అనేది భార్య. ఆవిడకు కూడా చెప్పలేదు.

పెద్ద మేడమ్ స్థానంలోకి వచ్చిన చిన్న మేడమ్ చురుకైన పిల్ల. ఆ రకాన్ని పెద్ద మేడమ్ పేరు పెట్టి విడుదల చేయాలని పట్టుబట్టి పై వాళ్ళను ఒప్పించింది. బోర్డు కూడా రాయించింది. కత్తి రిటైరవడానికి ఇంకా నెల ఉంది. ఈ నెల కళ్ళు మూసుకుంటే గట్టెక్కుతాననుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే చిన్న మేడమ్ పాత కార్డు పట్టుకుని ఆయన పని చేసే పాక దగ్గరికి వచ్చింది.

“బాబాయ్, రిజిస్ట్రేషన్ కోసం వివరాలు సరిచూస్తున్నా. కార్డులో ‘ఆకు వెనక దట్టమైన నూగు, వేలికి మెత్తటి బట్టలా తగులుతుంది’ అని ఉంది. మన చెట్ల ఆకు చూస్తే నున్నగా ఉంది. పాపం, పెద్ద మేడమ్ ఒంట్లో బాగాలేనప్పుడు పొరపాటున రాసుంటారు. నేను దిద్దేస్తాను, సరేనా?”

ఆమె పెన్ను మూత తీసింది. ఆ కార్డు మీది అక్షరాలు కత్తికి తెలుసు. నిటారుగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా. కళ్ళు మూసుకుని ఆకు అంకె చెప్పిన మనిషి రాసిన మాటను, తన అబద్ధం నిలబెట్టడం కోసం ఇంకొకరు కొట్టేయబోతున్నారు. ఆయన గుటక మింగాడు. ఇంకోటి మింగాడు. ఈసారి మాట గొంతులోకి దిగలేదు.

“కొట్టేయకండి మేడమ్. ఆవిడ పొరపాటు రాయలేదు. ఆ చెట్లు ఆవిడ ఎంచినవి కావు.”

మొత్తం చెప్పాడు. చేపల గది, ఆపిల్ బుట్ట, బోర్డు, గోధుమరంగు బెరడు, అన్నీ. చిన్న మేడమ్ తిరగేసిన బకెట్టు మీద కూర్చుని వింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె కార్డును చీర కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

“అప్పుడే చెప్పాల్సింది బాబాయ్.”

“చెప్తే మాత్రం ఏముంది మేడమ్. చెట్టు అప్పటికే పీకేశారు. కొమ్మలు చచ్చిపోయాయి.”

“వేళ్ళు ఉన్నాయిగా.” ఆమె మెల్లగా అంది. “అది అంటు చెట్టు కాదుగా బాబాయ్, గింజ నుంచి వచ్చింది. కొమ్మా అదే, వేరూ అదే. ఆ వేరు నుంచి ఏ పిలక వచ్చినా అది అచ్చం ఆ చెట్టే. చెప్పి ఉంటే ఒక్క పిలక దొరికినా చాలు, మళ్ళీ బతికించేవాళ్ళం. అక్కడ పిలకలేమీ రాలేదా?”

కత్తి బొటనవేలు తనంతట తానే కదిలి, లేని ఆకును రుద్దుతోంది. ఆకును రెండోసారి రుద్దిన వేలు గుర్తొచ్చింది. చాలాసేపు చూసిన చూపు గుర్తొచ్చింది. వేళ్ళకు స్పర్శ పోయిందన్న మాట గుర్తొచ్చింది. ఆయన సిగ్గుపడకుండా ఉండడానికి, చచ్చిపోతున్న మనిషి తన వేళ్ళ మీద తప్పు వేసుకుంది. తర్వాత, ఆయన్ని ఒక్క మాట అనకుండా, ఏం చేయాలో చెప్పింది. ఏ వరుసో కూడా చెప్పింది. ముప్పై ఏళ్ళు అంటు చెట్ల మధ్య బతికినవాడికి పిలక అంటే పీకేసేదే తప్ప ఇంకోటి కాదు. అలాగే మేడమ్ అన్నాడు. పార పట్టుకెళ్ళాడు.

“వచ్చాయి,” అన్నాడు చివరికి. “మోకాలెత్తు.” పాక బయట ఎవరో నీళ్ళ పంపు వేశారు. ఆ చప్పుడులో ఆయన ఏడ్చాడు, పెద్దగా, ముఖం కప్పుకోకుండా. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి, బయట నిలబడింది.

బోర్డు మీద పెద్ద మేడమ్ పేరు చెరిపేశారు. కాయ మంచిదే కాబట్టి, దాని అసలు అంకెతో, రెండో తోట చెట్టుగా, రైతులకు ఇచ్చారు. డైరెక్టరు గారు పిలిచి చీవాట్లు పెట్టారు. నెలలో పోయేవాడిని ఇంతకన్నా ఏమనగలరు? కార్డు మాత్రం ఎవరూ దిద్దలేదు. చిన్న మేడమ్ దాన్ని అలాగే బీరువాలో పెట్టింది. ఆ వివరాలకు సరిపోయే చెట్టు ఇప్పుడు ఎక్కడా లేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి భార్యకు కూడా చెప్పాడు. ఆవిడ పక్కన కూర్చుని, “తొమ్మిదేళ్ళు ఒక్కరే మోశారా,” అంది. అంట్ల మాట ఎత్తలేదు.

మిగిలిన ఆ నెలంతా కత్తి పొద్దున్నే పనిలోకి దిగే ముందు చేపల షెడ్డు వెనక్కి వెళ్ళేవాడు. అక్కడ ఐసు పెట్టెలు కడిగిన నీళ్ళు పారి, సిమెంటు అంచున ఎప్పుడూ తడిగా ఉంటుంది. పగుళ్ళలో ఏవేవో మొలుస్తుంటాయి. ఏడో వరుస ఎక్కడి నుంచి ఎక్కడికి ఉండేదో ఆయనకు అడుగులతో సహా తెలుసు. చేపలవాళ్ళు రబ్బరు బూట్లతో అటూ ఇటూ తిరుగుతూ, “ఏం పోగొట్టుకున్నావు బాబాయ్?” అని అడిగేవాళ్ళు. “ఏం లేదు,” అనేవాడు. పిచ్చి మొక్కైనా, గడ్డైనా, ఏది మొలిచి ఉంటే దాని పక్కన వంగి, ఆకు తిరగేసి, బొటనవేలితో వెనక వైపు రుద్దేవాడు. నున్నగా ఉండేది. దాన్ని పీకేవాడు కాదు. అక్కడే వదిలేసి, ఇంకో రెండడుగులు నడిచి, మళ్ళీ వంగేవాడు.